బాసిల్ డి ఒలివీరా

బాసిల్ లూయీస్ డి ఒలివీరా (అక్టోబరు 4, 1931 - నవంబరు 19, 2011) దక్షిణాఫ్రికాలో జన్మించి, ఇంగ్లాండు తరఫున టెస్ట్ క్రికెట్ ఆడిన ఆల్‌రౌండర్. కుడిచేతి వాటం బ్యాట్స్‌మన్, మీడియం పేస్ బౌలర్. 1966 నుండి 1972 వరకు 44 టెస్టులలో ఇంగ్లాండుకు ప్రాతినిధ్యం వహించి 40.06 సగటుతో 2484 పరుగులు సాధించాడు, 47 వికెట్లు పడగొట్టాడు. అభిమానులు ఇతనిని ముద్దుగా 'డాలీ' అని పిలిచేవారు.

ఒక దేశంలో పుట్టి మరొక దేశానికి ఆడిన క్రికెటర్లు పలువురున్నారు. దక్షిణాఫ్రికాలోనే జన్మించిన టోనీ గ్రెగ్ ఇంగ్లాండు జట్టుకు నాయకత్వం వహించాడు. కెప్లర్ వెసెల్స్ మొదట ఆస్ట్రేలియాకు, తరువాత స్వదేశానికి ఆడాడు. డి ఒలివీరా దేశం మారడానికి కారణం వేరు. శ్వేతజాతీయుడు కాకపోవడం వలన జన్మభూమిలో జాతీయ జట్టు ద్వారాలు అతనికి పూర్తిగా మూసివేయబడ్డాయి. 1968లో అదే దేశంలో పర్యటించవలసిన ఇంగ్లాండు జట్టులో అతనికి స్థానం లభించినపుడు దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆ జట్టును అంగీకరించలేదు. 'డి ఒలివీరా ఉదంతం'గా ప్రసిద్ధి చెందిన ఈ వివాదం, దక్షిణాఫ్రికా రెండు దశాబ్దాలకు పైగా అంతర్జాతీయ క్రికెట్‌కు దూరం కావడానికి దారితీసిన ప్రధాన సంఘటనలలో ఒకటి.

బాల్యము, తొలినాటి క్రికెట్

డి ఒలివీరా కేప్‌టౌన్ నగరంలోని సిగ్నల్ హిల్ ప్రాంతంలో జన్మించాడు. 1948లో నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చి వర్ణవివక్షను రాజ్యవిధానంగా అమలు చేయడం ప్రారంభించింది. 1950 నాటి జనాభా నమోదు చట్టం ప్రతి పౌరుడినీ ఏదో ఒక జాతి వర్గంలో చేర్చింది. నాటాల్ చెరకు తోటలలో పని చేయడానికి వెళ్ళిన తెలుగువారి సంతతి 'భారతీయులు' అనే వర్గంలోకి రాగా, డి ఒలివీరా కుటుంబం 'కలర్డ్' అనగా మిశ్రమ వర్ణస్థులు అనే వర్గంలోకి వచ్చింది. ఎక్కడ నివసించాలి, ఏ పాఠశాలలో చదవాలి, ఏ మైదానంలో ఆడాలి అనే విషయాలన్నీ ఈ వర్గీకరణపైనే ఆధారపడేవి.

అతని తండ్రి స్థానిక సెయింట్ ఆగస్టీన్స్ క్లబ్బుకు నాయకుడు. డి ఒలివీరా కూడా ఆ క్లబ్బు తరఫుననే ఆడాడు. శ్వేతజాతీయుల క్రికెట్‌కు న్యూలాండ్స్ వంటి పచ్చిక మైదానాలుండగా, శ్వేతేతరులు ఎగుడుదిగుడు నేలపై మ్యాటింగ్ పరచి ఆడుకొనవలసి వచ్చేది. న్యూలాండ్స్‌లో జరిగే టెస్టులను సైతం తమకు కేటాయించిన ప్రత్యేక భాగంలో కూర్చొనియే చూడవలసి ఉండేది. బంతి ఎటు లేస్తుందో తెలియని పిచ్‌లపై ఆడడం వలన, బంతి గమనాన్ని చివరి క్షణం వరకు గమనించి షాట్ కొట్టే అలవాటు అతనికి అబ్బింది.

శ్వేతేతరుల సంఘాలు కలిసి ఏర్పరచుకున్న దక్షిణాఫ్రికా క్రికెట్ బోర్డ్ ఆఫ్ కంట్రోల్ జట్టుకు డి ఒలివీరా నాయకుడయ్యాడు. 1956లో దక్షిణాఫ్రికాకు వచ్చిన కెన్యా ఆసియన్ల జట్టుపై, 1958లో తూర్పు ఆఫ్రికా పర్యటనలో ఈ జట్టుకు సారథ్యం వహించాడు. 1959లో ఫ్రాంక్ వారెల్ నాయకత్వంలో వెస్ట్‌ఇండీస్ క్రీడాకారుల జట్టు వచ్చి శ్వేతేతర జట్లతో ఆడవలసి ఉండగా అది కూడా రద్దయింది. వర్ణవివక్షకు లోబడి జరిగే పర్యటన దానిని సమ్మతించినట్లే అవుతుందని ఆ వర్గాలలోనే కొందరు వ్యతిరేకించారు. దానితో ప్రపంచస్థాయి ఆటగాళ్ళ ఎదుట తన ప్రతిభను నిరూపించుకొనే అవకాశం డి ఒలివీరాకు చేజారిపోయింది.

ఇంగ్లాండుకు వలస

1958 నుండి డి ఒలివీరా ఇంగ్లాండులోని ప్రముఖ క్రికెట్ వ్యాఖ్యాత, రచయిత జాన్ ఆర్లట్‌కు ఉత్తరాలు వ్రాయసాగాడు. ఇంగ్లాండులో వృత్తి క్రికెటర్‌గా ఏదైనా అవకాశం ఇప్పించమని అతని కోరిక. ముఖాముఖి ఎరుగని ఈ యువకుని కోసం ఆర్లట్, పాత్రికేయుడు జాన్ కేతో కలిసి ప్రయత్నించాడు. మాంచెస్టర్ సమీపంలోని మిడిల్టన్ క్లబ్బుకు 1960 సీజనుకు ఆడవలసిన వెస్ట్‌ఇండీస్ ఫాస్ట్ బౌలర్ వెస్ హాల్ రాలేకపోవడంతో ఆ ఖాళీ డి ఒలివీరాకు లభించింది. సీజను మొత్తానికి పారితోషికం 450 పౌండ్లు. విమాన ఖర్చులకు అవసరమైన డబ్బును కేప్‌టౌన్‌లో అతని ఆటను అభిమానించేవారు చందాలు వేసి సమకూర్చారు. అప్పటికి అతని భార్య నయోమి గర్భవతి.

1960 వసంతంలో ఇంగ్లాండు చేరిన డి ఒలివీరాకు అంతా కొత్తగా అనిపించింది. శ్వేతజాతీయులతో కలిసి ఒకే బల్లపై భోజనం చేయడం, ఒకే రైలుపెట్టెలో ప్రయాణించడం అతడు అంతకు మునుపు ఎరుగని విషయాలు. తడిసిన, నెమ్మదైన పచ్చిక పిచ్‌లపై మొదటి మ్యాచ్‌లలో విఫలమైనా త్వరలోనే నిలదొక్కుకున్నాడు. సీజను ముగిసేసరికి సెంట్రల్ లాంకషైర్ లీగ్ బ్యాటింగ్ సగటులో గ్యారీ సోబర్స్ కంటే ముందు నిలిచాడు. తరువాత భార్యాబిడ్డలను కూడా ఇంగ్లాండుకు రప్పించుకుని అక్కడే స్థిరపడి బ్రిటిష్ పౌరసత్వం పొందాడు.

వయసు ఎక్కువని తెలిస్తే అవకాశాలు రావేమోనన్న భయంతో ఇంగ్లాండులో అతడు తన వయసును కొన్ని సంవత్సరాలు తగ్గించి చెప్పాడు. టెస్టులలో ప్రవేశించేనాటికి అతని అసలు వయసు 34 సంవత్సరాలు. చాలామంది ఆటగాళ్ళు విరమణ గురించి ఆలోచించే వయసులో అతని టెస్టు జీవితం మొదలైంది.

కౌంటీ క్రికెట్, టెస్టులలో ప్రవేశం

టామ్ గ్రేవ్నీ ప్రోత్సాహంతో డి ఒలివీరా 1964లో వోర్సెస్టర్‌షైర్ కౌంటీలో చేరాడు. నివాస నిబంధన కారణంగా కౌంటీ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లలో 1965 నుండి ఆడాడు. ఆ మొదటి సీజనులోనే ఛాంపియన్‌షిప్‌లో 1500కు పైగా పరుగులు సాధించాడు. ఆ ఏడు వోర్సెస్టర్‌షైర్ వరుసగా రెండవ పర్యాయం ఛాంపియన్‌షిప్ గెలుచుకుంది.

1966 జూన్‌లో లార్డ్స్ మైదానంలో వెస్ట్‌ఇండీస్‌పై తొలి టెస్టు ఆడాడు. తొలి ఇన్నింగ్స్‌లో 27 పరుగులు చేసి రనౌట్ అయ్యాడు. తరువాత ట్రెంట్‌బ్రిడ్జ్ టెస్టులో 76, 54 పరుగులు, హెడింగ్లే టెస్టులో 88 పరుగులు చేసి జట్టులో స్థానం పదిలపరచుకున్నాడు. 1967లో విజ్డెన్ పత్రిక ఇతనిని ఆ సంవత్సరపు ఐదుగురు ఉత్తమ క్రికెటర్లలో ఒకనిగా ఎంపిక చేసింది.

డి ఒలివీరా తొలి టెస్టు సెంచరీ భారత జట్టుపైనే వచ్చింది. 1967 జూన్‌లో హెడింగ్లేలో 109 పరుగులు చేశాడు. ఇదే ఇన్నింగ్స్‌లో జెఫ్ బాయ్‌కాట్ 246 పరుగులతో అజేయంగా నిలిచాడు. భారత కెప్టెన్ మన్సూర్ అలీఖాన్ పటౌడీ రెండవ ఇన్నింగ్స్‌లో 148 పరుగులతో పోరాడినా ఇంగ్లాండు 6 వికెట్లతో నెగ్గింది.

1968: ఓవల్ టెస్టు

1967-68లో జరిగిన వెస్ట్‌ఇండీస్ పర్యటనలో డి ఒలివీరా రాణించలేదు. 1968 జూన్‌లో ఆస్ట్రేలియాతో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో జరిగిన మొదటి టెస్టు రెండవ ఇన్నింగ్స్‌లో 87 పరుగులతో అజేయంగా నిలిచినా, ఇంగ్లాండు ఓడిపోయిన ఆ మ్యాచ్ తరువాత అతనిని జట్టు నుండి తొలగించారు.

ఆ శీతాకాలంలో ఇంగ్లాండు జట్టు దక్షిణాఫ్రికాలో పర్యటించవలసి ఉంది. ఆ రోజులలో ఇంగ్లాండు విదేశీ పర్యటనలను మెరిల్‌బోన్ క్రికెట్ క్లబ్ (ఎం.సి.సి.) నిర్వహించేది. డి ఒలివీరా ఎంపికైతే ఏమవుతుందన్న ప్రశ్న తెరవెనుక అప్పటికే నలుగుతూ ఉండేది. 1968 మార్చిలో తనను కలిసిన ఎం.సి.సి. మాజీ అధ్యక్షుడు లార్డ్ కోభామ్‌కు, డి ఒలివీరా ఉన్న జట్టును అనుమతించబోమని దక్షిణాఫ్రికా ప్రధానమంత్రి జాన్ వోర్స్టర్ స్పష్టం చేశాడు. ఈ సమాచారం ఎం.సి.సి.లోని కొద్దిమంది ముఖ్యులకు చేరింది కాని, వారు దానిని పూర్తి కమిటీ ముందుంచలేదు.

డి ఒలివీరాపై ఒత్తిళ్ళు కూడా వచ్చాయి. ఇంగ్లాండుకు కాక దక్షిణాఫ్రికాకు ఆడతానని ప్రకటిస్తే సమస్య తీరుతుందన్న సలహా లార్డ్స్ టెస్టు సమయంలో ఎం.సి.సి. కార్యదర్శి నుండే వచ్చింది. అతడు దానిని తిరస్కరించాడు. తరువాత దక్షిణాఫ్రికాకు చెందిన ఒక పొగాకు కంపెనీ అధికారి మరొక ప్రతిపాదన తెచ్చాడు. పర్యటనకు తాను అందుబాటులో ఉండనని జట్టు ఎంపికకు ముందే ప్రకటిస్తే, దక్షిణాఫ్రికాలో శ్వేతేతరులకు శిక్షణ ఇచ్చే ఉద్యోగం, ఏటా 4,000 పౌండ్ల జీతం, ఇల్లు, కారు ఇస్తామన్నారు. ఆనాటి కౌంటీ క్రికెటర్‌కు అది చాలా పెద్ద మొత్తం. తన వర్గం పిల్లలకు ఆట నేర్పే పని కూడా కనుక అది కాదనడానికి సులభమైనది కాదు. అయినను అతడు అంగీకరించలేదు.

ఆగస్టులో ఓవల్‌లో జరిగిన ఐదవ టెస్టుకు మొదట ప్రకటించిన జట్టులో డి ఒలివీరా పేరు లేదు. మీడియం పేసర్లు టామ్ కార్ట్‌రైట్, బ్యారీ నైట్ గాయాలతో అందుబాటులో లేకపోవడంతో అతనిని అదనపు ఆటగాడిగా పిలిచారు. చివరి క్షణంలో బ్యాట్స్‌మన్ రోజర్ ప్రిడో అస్వస్థత వలన తప్పుకోవడంతో తుది జట్టులో చోటు దొరికింది. 31 పరుగుల వద్ద వికెట్ కీపర్ బ్యారీ జార్మన్ క్యాచ్ జారవిడిచాడు. ఆ తరువాత డి ఒలివీరా వెనుదిరిగి చూడలేదు. 158 పరుగులు సాధించాడు. టెస్టులలో ఇదే అతని అత్యధిక స్కోరు.

ఈ మ్యాచ్‌లో అతని బౌలింగ్ కూడా కీలకమైనది. చివరి రోజు కుండపోత వర్షానికి మైదానం చెరువును తలపించగా ప్రేక్షకులు సైతం దిగివచ్చి నీళ్ళు తోడిపోయడంలో సాయపడ్డారు. ఆట తిరిగి మొదలైన తరువాత ఇన్వెరారిటీ, జార్మన్ జోడీ వికెట్ పడకుండా కాలం గడుపుతుండగా డి ఒలివీరా బంతి జార్మన్‌ను బౌల్డ్ చేసింది. అక్కడి నుండి డెరెక్ అండర్‌వుడ్ మిగిలిన వికెట్లను వెంటవెంటనే పడగొట్టాడు. మరి ఆరు నిమిషాలలో ఆట ముగుస్తుందనగా ఇంగ్లాండు 226 పరుగుల తేడాతో గెలిచి సిరీస్‌ను 1-1తో సమం చేసింది.

ఎంపిక వివాదం, పర్యటన రద్దు

టెస్టు ముగిసిన మరునాడు, ఆగస్టు 28న, దక్షిణాఫ్రికా పర్యటనకు జట్టును ప్రకటించారు. అందులో డి ఒలివీరా పేరు లేదు. ఆ సమయంలో అతడు వోర్సెస్టర్‌లో కౌంటీ మ్యాచ్ ఆడుతూ సెంచరీ సాధించి ఉన్నాడు. డ్రెస్సింగ్ రూములో రేడియో ద్వారా వార్త విని కన్నీరు పెట్టుకున్నాడు.

విదేశీ పిచ్‌ల దృష్ట్యా అతనిని ఆల్‌రౌండర్‌గా కాక బ్యాట్స్‌మన్‌గా మాత్రమే పరిగణించామని, అంతకంటే మెరుగైన బ్యాట్స్‌మెన్ ఉన్నారని సెలెక్టర్ల వాదన. ఎంపిక పూర్తిగా ఆట ప్రాతిపదికపైనే జరిగిందని వారు చెప్పారు. ఓవల్‌లో 158 పరుగులు చేసిన ఆటగాడిని విడిచిపెట్టడం వెనుక రాజకీయ కారణాలే ఉన్నాయని అనేకమంది విమర్శించారు. మాజీ ఇంగ్లాండు కెప్టెన్, క్రైస్తవ మతాచార్యుడు డేవిడ్ షెపర్డ్ నాయకత్వంలో ఎం.సి.సి. సభ్యులు కొందరు నిరసన తెలిపారు. న్యూస్ ఆఫ్ ది వరల్డ్ పత్రిక డి ఒలివీరాను పర్యటన విశేషాలు వ్రాయడానికి నియమించుకుంది.

సెప్టెంబరు 16న భుజం గాయం వలన కార్ట్‌రైట్ పర్యటన నుండి తప్పుకోగా అతని స్థానంలో డి ఒలివీరాను ఎంపిక చేశారు. కార్ట్‌రైట్ ప్రధానంగా బౌలర్. బ్యాట్స్‌మన్ మాత్రమేనని చెప్పిన వ్యక్తిని బౌలర్ స్థానంలో తీసుకొనడం సెలెక్టర్ల మొదటి వాదనకు పొసగలేదు. మరునాడు బ్లూంఫొంటీన్ పట్టణంలో తన పార్టీ సభలో ప్రసంగించిన వోర్స్టర్, ఇది ఎం.సి.సి. జట్టు కాదని, తమ రాజకీయ ప్రత్యర్థులు ఎంపిక చేసిన జట్టని ఆక్షేపించి, దానిని ఆహ్వానించబోమని ప్రకటించాడు. సెప్టెంబరు 24న ఎం.సి.సి. పర్యటనను రద్దు చేసింది. అదే ఏడు డిసెంబరులో షెపర్డ్ వర్గం ఎం.సి.సి. ప్రత్యేక సమావేశంలో ప్రవేశపెట్టిన తీర్మానం మాత్రం వీగిపోయింది.

ఈ వ్యవహారమంతటిలోను డి ఒలివీరా సంయమనం పాటించాడు. ఎవరినీ బహిరంగంగా నిందించలేదు. అతడు వర్ణవివక్షను మరింత గట్టిగా ఖండించి ఉండవలసిందని కొందరు ఉద్యమకారులు భావించారు. క్రికెటర్‌గా తన ఆటతోనే సమాధానం చెప్పాలన్నది అతని అభిప్రాయం.

పరిణామాలు

1970లో దక్షిణాఫ్రికా జట్టు ఇంగ్లాండుకు రావలసి ఉండగా పీటర్ హెయిన్ నాయకత్వంలో పెద్ద ఎత్తున ఉద్యమం జరిగింది. బ్రిటిష్ ప్రభుత్వం కోరడంతో ఆ పర్యటన మే నెలలో రద్దయింది. దక్షిణాఫ్రికా 1971-72 ఆస్ట్రేలియా పర్యటన కూడా రద్దయింది. 1970 తొలి మాసాలలో ఆస్ట్రేలియాను 4-0 తేడాతో ఓడించిన దక్షిణాఫ్రికా జట్టు ఆ తరువాత 22 సంవత్సరాలు టెస్టు ఆడలేదు. బ్యారీ రిచర్డ్స్ 4 టెస్టులతో, మైక్ ప్రాక్టర్ 7 టెస్టులతో తమ టెస్టు జీవితాలను ముగించవలసి వచ్చింది.

1970లో రద్దయిన పర్యటనకు బదులుగా ఇంగ్లాండు, ప్రపంచ జట్టు మధ్య మ్యాచ్‌లు జరిగాయి. సోబర్స్ నాయకత్వంలోని ప్రపంచ జట్టులో రిచర్డ్స్, ప్రాక్టర్, గ్రేమ్ పొలాక్, ఎడ్డీ బార్లో వంటి దక్షిణాఫ్రికా క్రీడాకారులున్నారు. స్వదేశంలో తనతో ఆడే వీలులేని ఈ ఆటగాళ్ళకు ప్రత్యర్థిగా డి ఒలివీరా ఇంగ్లాండులో ఆడాడు. ఎడ్జ్‌బాస్టన్ మ్యాచ్‌లో సెంచరీ కూడా సాధించాడు.

వర్ణవివక్ష విధానం సడలిన తరువాత 1991 నవంబరు 10న కోల్‌కత ఈడెన్ గార్డెన్స్‌లో భారత్‌తో జరిగిన వన్డే ద్వారా దక్షిణాఫ్రికా అంతర్జాతీయ క్రికెట్‌లో పునఃప్రవేశించింది. మరుసటి ఏడాది భారత జట్టు దక్షిణాఫ్రికాలో పర్యటించినపుడు డర్బన్ టెస్టులో శ్వేతేతరుడైన ఒమర్ హెన్రీ దక్షిణాఫ్రికా తరఫున ఆడాడు. ఈ రెండు సందర్భాలలోను భారత కెప్టెన్ హైదరాబాదుకు చెందిన మహమ్మద్ అజహరుద్దీన్.

తరువాతి టెస్టు జీవితం

దక్షిణాఫ్రికాకు బదులుగా 1968-69లో ఇంగ్లాండు జట్టు పాకిస్తాన్‌లో పర్యటించింది. ఢాకా టెస్టులో క్లిష్టమైన పిచ్‌పై డి ఒలివీరా 114 పరుగులతో అజేయంగా నిలిచాడు. 1970-71లో రే ఇల్లింగ్‌వర్త్ నాయకత్వంలో ఆస్ట్రేలియాలో యాషెస్ సిరీస్ గెలిచిన జట్టులో సభ్యుడు. ఆ సిరీస్‌లో మెల్‌బోర్న్‌లో 117 పరుగులు, వెంటనే జరిగిన న్యూజీలాండ్ పర్యటనలో క్రైస్ట్‌చర్చ్‌లో 100 పరుగులు చేశాడు. 1971 జనవరి 5న మెల్‌బోర్న్‌లో జరిగిన చరిత్రలో మొట్టమొదటి వన్డే అంతర్జాతీయ మ్యాచ్‌లో కూడా ఇతడు ఆడాడు.

1971లో అజిత్ వాడేకర్ నాయకత్వంలోని భారత జట్టు ఇంగ్లాండులో తొలిసారిగా టెస్టు సిరీస్ గెలిచినపుడు ఓడిన ఇంగ్లాండు జట్టులో డి ఒలివీరా ఉన్నాడు. మూడేళ్ళ క్రితం అతడు 158 పరుగులు చేసిన ఓవల్ మైదానంలోనే, హైదరాబాదుకు చెందిన ఆల్‌రౌండర్ సయ్యద్ ఆబిద్ అలీ విజయానికి అవసరమైన చివరి పరుగులు సాధించాడు. 1972 ఆగస్టులో ఆస్ట్రేలియాపై అదే మైదానంలో డి ఒలివీరా చివరి టెస్టు ఆడాడు.

ఆటతీరు

డి ఒలివీరా బ్యాట్‌ను ఎక్కువగా వెనుకకు ఎత్తకుండానే బలమైన ముంజేతులతో బంతిని శక్తివంతంగా కొట్టగలిగేవాడు. తొందరపాటు లేకుండా, ఇన్నింగ్స్ కష్టాలలో ఉన్నపుడు నిలకడగా ఆడడం అతని ప్రత్యేకత. బౌలర్‌గా అతడు టెస్టు మ్యాచ్‌లను ఒంటిచేత్తో గెలిపించే రకం కాదు. 47 వికెట్లకు సగటు 39.55 కావడమే ఇందుకు నిదర్శనం. కాని పరుగులు తక్కువ ఇస్తూ, పాతుకుపోయిన భాగస్వామ్యాలను విడదీయడంలో కెప్టెన్లు అతనిపై ఆధారపడేవారు. ఓవల్‌లో జార్మన్ వికెట్ దీనికి చక్కని ఉదాహరణ.

శిక్షకుడిగా

టెస్టుల నుండి వైదొలగిన తరువాత కూడా డి ఒలివీరా వోర్సెస్టర్‌షైర్ తరఫున ఆట కొనసాగించాడు. 1974లో యార్క్‌షైర్‌పై చేసిన 227 పరుగులు ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో అతని అత్యధిక స్కోరు. ఆ సంవత్సరం వోర్సెస్టర్‌షైర్ మళ్ళీ ఛాంపియన్‌గా నిలిచింది. 1976 బెన్సన్ అండ్ హెడ్జెస్ కప్ ఫైనల్లో తొడ కండరం పట్టివేసినా, దాదాపు ఒంటికాలిపై నిలిచి 50 పరుగులు సాధించాడు. 1980 నుండి 1990 వరకు అదే కౌంటీకి శిక్షకుడిగా పనిచేశాడు. అతని శిక్షణలో జట్టు 1988, 1989లలో వరుసగా కౌంటీ ఛాంపియన్‌షిప్ సాధించింది.

కుటుంబం

కుమారుడు డామియన్ డి ఒలివీరా (1960-2014) వోర్సెస్టర్‌షైర్ తరఫున కౌంటీ క్రికెట్ ఆడి, తరువాత అక్కడే శిక్షకుడయ్యాడు. మనుమడు బ్రెట్ డి ఒలివీరా కూడా ఆ కౌంటీకే ఆడుతూ 2022లో జట్టు నాయకుడయ్యాడు. ఈ విధంగా మూడు తరాలవారు ఒకే కౌంటీకి సేవలందించారు. జీవిత చరమాంకంలో పార్కిన్సన్ వ్యాధితో బాధపడిన బాసిల్ డి ఒలివీరా 2011 నవంబరు 19న వోర్సెస్టర్‌లో మరణించాడు.

గౌరవాలు

* 1969లో ఓ.బి.ఇ., 2005లో సి.బి.ఇ. బిరుదులతో బ్రిటిష్ ప్రభుత్వం సత్కరించింది.
* 2000లో దక్షిణాఫ్రికా శతాబ్దపు క్రికెటర్లుగా గౌరవించిన పదిమందిలో, ఆ దేశం తరఫున ఒక్క టెస్టు కూడా ఆడని డి ఒలివీరా పేరు చేరింది.
* 2004-05 నుండి ఇంగ్లాండు, దక్షిణాఫ్రికాల మధ్య జరిగే టెస్టు సిరీస్ విజేతకు ఇచ్చే ట్రోఫీకి 'బాసిల్ డి ఒలివీరా ట్రోఫీ' అని నామకరణం చేశారు.
* వోర్సెస్టర్‌లోని న్యూ రోడ్ మైదానంలో ఒక ప్రేక్షకుల స్టాండుకు ఇతని పేరు పెట్టారు.
* ఇతని జీవితంపై పీటర్ ఓబోర్న్ వ్రాసిన గ్రంథానికి 2004లో విలియం హిల్ క్రీడా గ్రంథ పురస్కారం లభించింది.

గణాంకాలు

* టెస్టులు: 44. పరుగులు: 2484. సగటు: 40.06. సెంచరీలు: 5. అర్ధసెంచరీలు: 15. అత్యధిక స్కోరు: 158 (ఆస్ట్రేలియాపై, ఓవల్, 1968).
* టెస్టు వికెట్లు: 47. సగటు: 39.55. అత్యుత్తమ బౌలింగ్: 46 పరుగులకు 3 వికెట్లు. క్యాచ్‌లు: 29.
* వన్డేలు: 4. పరుగులు: 30. వికెట్లు: 3.
* ఫస్ట్‌క్లాస్ క్రికెట్: 360కి పైగా మ్యాచ్‌లు, 40కి పైగా సెంచరీలు, 540కి పైగా వికెట్లు.

దక్షిణాఫ్రికాలో శ్వేతేతరుల మ్యాచ్‌లకు ఫస్ట్‌క్లాస్ హోదా లేనందున, 1960కి ముందు డి ఒలివీరా సాధించిన పరుగులు, వికెట్లు ఈ గణాంకాలలో చేరలేదు.